బంతిలో గాలి ఎంతుందో ముందు రాసుకున్నారా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఆటల్లో జరిగిన మోసాల మీద రెండు పేజీల వ్యాసం వేశారు. 2018లో కేప్‌టౌన్ టెస్టులో ఆస్ట్రేలియా ఆటగాళ్లు బంతిని గరుకు కాగితంతో రుద్దిన సంగతి పక్కనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు టామ్ బ్రేడీ బొమ్మ వేసి, అతను బంతుల్లో గాలి తీయించాడని రాశారు. "విచారణలో రుజువైంది. కోర్టు కూడా నిర్ధారించింది" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆ రెండు ముక్కలూ తప్పే. అందుకే ఈ ఉత్తరం.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నదాన్ని. ఆటల గురించి రాసే అర్హత నాకు లేదని మీకు అనిపించవచ్చు. కానీ ఈ గొడవలో ఆట తక్కువ, ప్రయోగశాల ఎక్కువ. మా అబ్బాయి ఉండేది మసాచుసెట్స్‌లోని ష్రూస్‌బరీలో. ఈ గొడవ జరిగిన ఫాక్స్‌బరో మైదానం అక్కడికి గంట ప్రయాణం. మా అమ్మాయి, అల్లుడు ఉండేది ఇండియానాపొలిస్‌లో. ఆ రోజు ఓడిపోయిన జట్టు వాళ్లదే. కాబట్టి మా ఇంట్లో ఈ తగువు ఇన్నేళ్లుగా నడుస్తూనే ఉంది. పండగకు ఫోన్ చేసినా పలకరింపులయ్యాక మూడో మాట ఇదే.

జరిగింది చెబుతాను. 2015 జనవరి 18 సాయంత్రం, వాన. న్యూ ఇంగ్లాండ్ పేట్రియాట్స్, ఇండియానాపొలిస్ కోల్ట్స్ మధ్య ఆట. గెలిచినవాళ్లు సూపర్ బౌల్‌కు, అంటే ఫైనల్‌కు వెళతారు. ఈ ఆటలో ఒక విచిత్రం ఉంది: ఏ జట్టు దాడి చేస్తుంటే ఆ జట్టు తెచ్చుకున్న బంతులతోనే ఆడతారు. విసిరే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, తన చేతికి నప్పేలా తోలును రుద్ది మెత్తబరుచుకోవచ్చు. గాలి మాత్రం చదరపు అంగుళానికి 12.5 పౌండ్ల నుంచి 13.5 పౌండ్ల మధ్య ఉండాలి. బంతి మెత్తగా ఉంటే చేతికి పట్టు దొరుకుతుంది. పేట్రియాట్స్ క్వార్టర్‌బ్యాక్ బ్రేడీకి 12.5 ఇష్టం. కోల్ట్స్ వాళ్లు 13 దగ్గర ఉంచుకుంటారు. పేట్రియాట్స్ బంతులు మెత్తగా ఉంటాయని కోల్ట్స్ వాళ్లు ఆటకు ముందే ఈ పోటీలు నడిపే లీగ్‌కు (ఎన్‌ఎఫ్‌ఎల్) ఫిర్యాదు చేశారు. విరామంలో బంతులు లోపలికి తెచ్చి కొలిస్తే పేట్రియాట్స్ బంతులు పదకొండూ 12.5 కంటే తక్కువ చూపించాయి. అంతే, దేశమంతా ఊగిపోయింది. పేట్రియాట్స్ ఆ ఆట 45-7తో, రెండు వారాల తరువాత సూపర్ బౌల్ కూడా గెలిచారు. అది అగ్నికి ఆజ్యం పోసింది.

ఇక్కడ మన టైర్ల సంగతి గుర్తు చేసుకోండి. మా వీధి చివర సైకిల్ షాపాయన ఏప్రిల్ వచ్చిందంటే గాలి తక్కువ కొట్టేవాడు. "ఇంకాస్త కొట్టవయ్యా" అంటే బొటనవేలితో టైరు నొక్కి చూసి, "చాలమ్మా, ఎండకు అదే గట్టిపడుతుంది" అనేవాడు. ఆయన చదివింది అయిదో తరగతి. వాయువు ఘనపరిమాణం మారనప్పుడు ఉష్ణోగ్రత పెరిగితే పీడనం పెరుగుతుందనీ, తగ్గితే తగ్గుతుందనీ ఆయన వేలికి తెలుసు. కోటి రూపాయల జీతాలున్న లీగ్ పెద్దలకు ఆ సాయంత్రం ఆ మాట గుర్తుకు రాలేదు.

లెక్క చూడండి. బంతుల్ని ముందు కొలిచిన గది సుమారు 21 డిగ్రీల సెల్సియస్. మైదానం సుమారు 9 డిగ్రీలు. గేజి చూపించే 12.5కు బయటి వాతావరణ పీడనం 14.7 కలపాలి, 27.2 అవుతుంది. దాన్ని 282తో గుణించి 294తో భాగిస్తే 26.1. మళ్లీ 14.7 తీసేస్తే 11.4. ఎవరూ చెయ్యి పెట్టకుండానే పౌండు పైన తగ్గుతుంది. ఆ 14.7 కలపడం మరిచిపోతే అర పౌండు మాత్రమే తగ్గినట్టు వస్తుంది, అప్పుడు మిగతాది ఎవడో దొంగిలించినట్టే కనిపిస్తుంది. మా పిల్లలు ఏటా చేసే తప్పు ఇది. నీల్ డిగ్రాస్ టైసన్ అంతటి ఖగోళ శాస్త్రవేత్త కూడా ఈ వ్యవహారంలో లెక్క తప్పి, తరువాత బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు చదివాక ఇన్నేళ్లుగా మా పిల్లలకు కోసిన మార్కులు గుర్తొచ్చి కాస్త బాధపడ్డాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. లీగ్ నియమించిన న్యాయవాది టెడ్ వెల్స్ 2015 మే 6న 243 పేజీల నివేదిక ఇచ్చాడు. నేను దాన్ని అమెరికా వెళ్లినప్పుడు, మనవడి బల్ల మీద, పెన్సిలు పట్టుకుని చదివాను. అందులో బంతుల రీడింగులు పట్టికగా ఉన్నాయి. విరామంలో ఇద్దరు అధికారులు రెండు గేజీలతో కొలిచారు. ఆ రెండు గేజీలూ ఒకే బంతిని ఒకేలా చూపించవు! ఒకటి రెండోదానికంటే దాదాపు 0.4 పౌండ్లు ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువ చూపించేదాని వెనక కంపెనీ గుర్తు ఉంది, సూది పొడుగ్గా, వంకరగా ఉంది. స్క్రూగేజికి జీరో ఎర్రర్, అంటే ఖాళీగా ఉన్నప్పుడే అది చూపించే తప్పు, చూసుకోకుండా తీగ మందం రాసిన కుర్రవాడిని నేను మళ్లీ మొదటినుంచి చేయమనేదాన్ని. ఇక్కడ ఆ పని చెప్పేవారు లేకపోయారు.

ఆటకు ముందు రిఫరీ ఏ గేజితో కొలిచాడు? కంపెనీ గుర్తున్న గేజితోనే కొలిచినట్టు తనకు జ్ఞాపకమని రిఫరీ వాల్ట్ ఆండర్సన్ చెప్పాడు. ఆయన చెప్పిన తక్కిన సంగతులన్నీ నమ్మిన నివేదిక, ఈ ఒక్క జ్ఞాపకాన్ని మాత్రం పక్కన పెట్టి, రెండో గేజితోనే కొలిచి ఉంటాడని తేల్చింది. జట్లు తాము నింపుకున్నామని చెప్పిన అంకెలకు రెండో గేజి సరిపోతుందన్నది వాళ్ల కారణం. కారణం లేకపోలేదు, కానీ తేడా ఎంత పడిందో చూడండి. చలికి 11.3 నుంచి 11.5 దాకా తగ్గవచ్చని వాళ్ల నిపుణుల సంస్థ ఎక్స్‌పొనెంట్ లెక్క. పదకొండు బంతుల సగటు గుర్తున్న గేజి మీద 11.49, రెండోదాని మీద 11.11. రిఫరీ జ్ఞాపకం నిజమైతే నేరమే లేదు. జ్ఞాపకం తప్పైతే నేరం ఉంది. ఒక మనిషి పేరు ప్రతిష్ఠలు వంకర సూది మీద వేలాడాయి.

ఆటకు ముందు తీసిన రీడింగు ఒక్కటంటే ఒక్కటి కూడా కాగితం మీద లేదు. "అన్నీ 12.5 దగ్గర ఉన్నాయి" అన్న జ్ఞాపకమే ఆధారం.

కోల్ట్స్ బంతులు బాగానే ఉన్నాయి కదా అంటాడు మా అల్లుడు. "అత్తయ్యగారూ, అదే చలి, అదే వాన, మా బంతులకు ఏమీ కాలేదేం?" అని అడుగుతాడు. మంచి ప్రశ్న. నాలుగు బంతులే కొలిచారు బాబూ, సమయం చాలక మిగతావి వదిలేశారు. ఆ నాలుగింటిలో మూడు ఒక గేజి మీద 12.5 కంటే తక్కువే చూపించాయి. పైగా వాటిని విరామం చివర్లో కొలిచారు. ఆ లోపల అవి వెచ్చటి గదిలో ఉన్నాయి. ముందు కొలిచినవి చల్లటి బంతులు, వెనక కొలిచినవి గోరువెచ్చటి బంతులు. ఎక్స్‌పొనెంట్ వాళ్లు ఈ సమయాన్ని లెక్కలోకి తీసుకున్నామనీ, అయినా పేట్రియాట్స్ బంతుల తగ్గుదలను చలి ఒక్కటే వివరించలేదనీ రాశారు. అమెరికన్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ ఆర్థికవేత్తలు అదే సమాచారం మళ్లీ లెక్కకట్టి ఆ నివేదిక నిలవదన్నారు. ఎమ్‌ఐటీలో ఇంజినీరింగు ఆచార్యుడు జాన్ లెనార్డ్ కూడా చలే చాలని వాదించాడు.

చదివి ఊరుకోలేక నేనే చేసి చూశాను. మనవడి బంతికి ఇంట్లో 13 పౌండ్లు పట్టించి, తడి తువ్వాలు చుట్టి వెనక వరండాలో పెట్టాం. బయట 4 డిగ్రీలు. రెండు గంటల తరువాత కొలిస్తే 11.5. వాడి పంపుతో వచ్చిన ఇంకో గేజి అదే బంతిని 12 చూపించింది. ఆ రెండు గేజీలనూ పక్కపక్కన పెట్టి వాడు నావైపు చూసిన చూపు నేను మరిచిపోను. బంతిని లోపల పెట్టి మూడు మూడు నిమిషాలకు ఒకసారి కొలిచి, అంకెలు ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించిన కాగితం మీద రాశాం. పన్నెండో నిమిషానికి 12.2కు వచ్చింది. ఇంకో సంగతి, సూది గుచ్చిన ప్రతిసారీ "ఉస్" మంటూ కాస్త గాలి పోతుంది. కొలవడం కూడా ఒక రకంగా గాలి తీయడమే. నాసిరకం ప్రయోగమేనని నాకు తెలుసు, ఒక్క బంతి, అదీ తోలుది కాదు. కానీ మేము ముందు రాసుకున్నాం.

మీ విలేకరి మీద నాకు కోపం లేదు. అంకెలు మొదటినుంచీ వంకరగానే బయటికి వచ్చాయి. పన్నెండింటిలో పదకొండు బంతుల్లో రెండేసి పౌండ్లు తక్కువని ఆ వారంలోనే ఈఎస్‌పీఎన్ విలేకరి వార్త ఇచ్చాడు. ఊరంతా నమ్మింది ఆ రెండు పౌండ్లనే. పట్టిక చూస్తే తక్కువ చూపించే గేజి మీద రెండు పౌండ్లు తగ్గింది ఒక్క బంతికి, ఎక్కువ చూపించేదాని మీద ఒక్కదానికీ లేదు. ఒక బంతి 10.1కి పడిపోయిందని ఆట మరునాడు లీగ్ పేట్రియాట్స్‌కు ఉత్తరం రాసింది. అన్నిటికంటే తక్కువ రీడింగు 10.5. సరైన అంకెలు చేతిలో ఉండి కూడా లీగ్ మే నెల దాకా బయటపెట్టలేదు. అప్పటికి ప్రజలు తీర్పు చెప్పి నాలుగు నెలలు.

ఇంత చెప్పినందుకు నన్ను బ్రేడీ వకీలు అనుకోకండి. నాకూ అనుమానం ఉంది. రిఫరీ తనిఖీ చేసిన బంతుల సంచిని, చెప్పకుండా, పేట్రియాట్స్ సిబ్బందిలోని ఒక సహాయకుడు మరుగుదొడ్డిలోకి తీసుకెళ్లి తలుపు వేసుకున్నాడు. కెమెరా లెక్క ప్రకారం లోపల ఉన్నది ఒక నిమిషం నలభై సెకన్లు. అదే సహాయకుడు అంతకు ముందు ఏడాది మేలో తన సహోద్యోగికి పంపిన సందేశంలో తనను తాను "గాలి తీసేవాడు" అని పిలుచుకున్నాడు. అది బరువు తగ్గడం గురించి సరదాగా వాడిన మాట అని జట్టు వివరణ ఇచ్చింది. ఆ వివరణ వినగానే నా పాత విద్యార్థులు గుర్తొచ్చారు. కాపీ చీటీ దొరికితే "ఇది మా అమ్మ సరుకుల చీటీ మేడమ్" అన్నవాళ్లను నేను చూశాను. విచారణాధికారుల ముందుకు వెళ్లే రోజుకు అటూ ఇటూగా బ్రేడీ తన ఫోను ధ్వంసం చేయించాడు. నాలుగు నెలల్లో దాదాపు 10,000 సందేశాలు దాంతోపాటే పోయాయి. ఫోను మార్చినప్పుడల్లా పాతది ధ్వంసం చేయించడం తన అలవాటన్నాడు. అలవాటే కావచ్చు, ఆ రోజుల్లో మానుకోవలసిన అలవాటు.

విరామంలో బంతుల్లో గాలి నింపాక పేట్రియాట్స్ 28 పాయింట్లు కొట్టారు, కోల్ట్స్‌కు సున్నా. కాబట్టి మెత్తటి బంతుల వల్ల వాళ్లకు ఒరిగింది లేదంటాడు మా అబ్బాయి. ఇది నాకు నచ్చని వాదన. కాపీ కొట్టకపోయినా పాసయ్యేవాడే అని కాపీ కొట్టినవాడిని ఎవరైనా వదిలేస్తారా? అల్లుడి పక్షాన నేను మాట్లాడే ఒకే ఒక్క సందర్భం ఇదే కాబట్టి అతనికి ఈ పేరా కత్తిరించి పంపుతాను.

అనుమానం ఉందనడం వేరు, రుజువైందనడం వేరు. వెల్స్ నివేదిక వాడిన మాటలు జాగ్రత్తగా చదవండి. సిబ్బంది గాలి తీసి ఉండటానికే, తీయకపోవడం కంటే, ఎక్కువ అవకాశం ఉందట. ఆ సంగతి బ్రేడీకి స్థూలంగానైనా తెలిసి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందట. త్రాసు ఒకవైపు కొద్దిగా ఒరిగిందన్నంత వరకే. దీని మీద బ్రేడీకి నాలుగు ఆటల నిషేధం, జట్టుకు పది లక్షల డాలర్ల జరిమానా, కొత్త ఆటగాళ్ల ఎంపికలో 2016 మొదటి రౌండు అవకాశం, 2017 నాలుగో రౌండు అవకాశం రద్దు. అప్పీలు విన్నది కూడా నిషేధం విధించిన లీగ్ కమిషనర్ రోజర్ గూడెల్! ప్రశ్నపత్రం తయారు చేసినవారే దిద్ది, వారే మళ్లీ పునఃపరిశీలన చేసినట్టు.

ఇతరుల విషయంలో ఇదే లీగ్ ఎలా ఉందో చెబితే కానీ ఈ శిక్ష బరువు తెలియదు. దీనికి కొద్ది వారాల ముందు, 2014 నవంబరులో, మిన్నెసోటా చలిలో ఒక ఆటలో బంతుల్ని మైదానం పక్కనే హీటరు దగ్గర వెచ్చబెడుతుంటే కెమెరాకు చిక్కారు. అలా చేయకండి అని చెప్పి వదిలేశారు. 2012లో శాన్ డియేగో జట్టు సిబ్బంది దగ్గర జిగురు తువ్వాలు దొరికింది. అడిగిన వెంటనే ఇవ్వనందుకు 20,000 డాలర్లు వేసి ఊరుకున్నారు.

ఇక కోర్టు. 2015 సెప్టెంబరు 3న న్యూయార్క్‌లో న్యాయమూర్తి రిచర్డ్ బెర్మన్ నిషేధాన్ని కొట్టేశాడు. 2016 ఏప్రిల్ 25న పై కోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపుగా దాన్ని పునరుద్ధరించింది. విచారణ సమయంలో ఒక న్యాయమూర్తి ఆధారాలు బలంగానే ఉన్నాయని వ్యాఖ్యానించిన మాట నిజమే. కానీ తీర్పు దాని గురించి కాదు. ఆటగాళ్ల సంఘం, లీగ్ కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ఇలా శిక్ష వేసే అధికారం కమిషనర్‌కు ఉందా లేదా అన్నదే కోర్టు ముందున్న ప్రశ్న. ఉందన్నారు. బ్రేడీ గాలి తీయించాడా లేదా అన్నది కోర్టు తేల్చలేదు, తేల్చడం తన పని కాదని కూడా చెప్పింది. విభేదించిన ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్ కాట్జ్‌మన్ రాసింది నాకు నచ్చింది: చేతులకు జిగురు పూసుకోవడం కూడా బంతి మీద పట్టు కోసమే కదా, దానికి మొదటిసారైతే 8,268 డాలర్ల జరిమానా, మరి దీన్ని ఆట సామర్థ్యం పెంచే నిషిద్ధ మందులు (స్టెరాయిడ్లు) వాడిన నేరంతో ఎందుకు పోల్చారు, దానికి కమిషనర్ సరైన కారణం ఎందుకు చెప్పలేదు అని.

ఇప్పుడు మీ వ్యాసంలోని మొదటి సంగతి చూడండి. కేప్‌టౌన్‌లో బాన్‌క్రాఫ్ట్ చేతిలోని పసుపుపచ్చ కాగితాన్ని కెమెరా చూపించింది. ఆ సాయంత్రమే బాన్‌క్రాఫ్ట్, స్మిత్ విలేకరుల ముందు కూర్చుని బంతి స్థితి మార్చడానికి ప్రయత్నించామని ఒప్పుకున్నారు. వార్నర్‌కు ఏడాది నిషేధం పడింది. మన సన్‌రైజర్స్ హైదరాబాద్ కెప్టెన్సీ అప్పుడే వదులుకున్నాడు, జట్టును విలియమ్సన్ నడిపాడు. ఆ సీజన్‌లో ఉప్పల్ స్టేడియంలో వార్నర్ లేని లోటు మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అది కళ్లతో చూసిన నేరం, నోటితో ఒప్పుకున్న నేరం. ఇది జ్ఞాపకం మీద, సగటు మీద, సూది మీద నిలబెట్టిన నేరం. రెంటినీ ఒకేచోట, ఒకే సైజు అక్షరాల్లో వేయడం నాకు నచ్చలేదు.

ఆ గొడవ తరువాత లీగ్ కొత్త పద్ధతి పెట్టింది. బంతులకు నంబర్లు వేసి, ఆటకు ముందు గాలి కొలిచి రాసుకోవాలి. కొన్ని ఆటల్లో విరామంలో ఆకస్మికంగా కొలిచి, అంకెలు నమోదు చేయాలి. ఒక సీజన్ పాటు కొలిచారు. చలి రోజుల్లో ఎవరూ ముట్టుకోని బంతులు ఎంత తగ్గుతాయో ఆ కాగితాలు చూస్తే తెలిసిపోయేది. తగువు ఒక సాయంత్రంలో తీరేది. ఆ అంకెలు ఈనాటికీ బయటపెట్టలేదు. మా కాలేజీలో ప్రయోగం చేసి రికార్డు చూపించనివాడికి సున్నా వేసేదాన్ని. వాడు ఎంత తెలివైనవాడైనా సరే, వాళ్ల నాన్న ఎవరైనా సరే.

మీరు చేయవలసింది చిన్న పని. "రుజువైంది" అన్నచోట "ఎక్కువ అవకాశం ఉందని విచారణ అభిప్రాయపడింది" అనీ, "కోర్టు నిర్ధారించింది" అన్నచోట "శిక్ష వేసే అధికారం లీగ్‌కు ఉందని కోర్టు చెప్పింది" అనీ సవరణ వేయండి. చివరి పేజీలో మూల వేసినా చాలు.

ఈ ఉత్తరం ముందుగా అల్లుడికి చదివి వినిపించాను. అంతా విని, "ఆ మరుగుదొడ్డి సంగతి ఇంకొంచెం పెద్దగా రాయాల్సింది, అత్తయ్యగారూ" అన్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకురాలు,
రాజమహేంద్రవరం